జనవరిలో పదకొండు లక్షలు, మార్చిలో రెండొందలు: చిలికా పక్షుల లెక్కలో తిరకాసు ఎక్కడుంది?

పోయిన మార్చి రెండో ఆదివారం మా బావ పిల్లల్ని వెంటేసుకుని బరంపురం నుంచి చిలికా సరస్సు ఒడ్డునున్న రంభ వెళ్లాడు. చిలికాలో పదకొండు లక్షల పక్షులున్నాయని జనవరిలో పేపర్లో పడ్డ వార్తను ఫోన్లో దాచుకుని మరీ వెళ్లాడు. రెండు గంటలు బోటు షికారు చేశాక, సాయంత్రం నాకు ఫోను. "ఏటిరా, పదకొండు లక్షలన్నారు, రెండొందలు కూడా నేవు! అందులో సగం కాకులే." అవి నీటికాకులు బావా అని చెప్పబోతే వినిపించుకోలేదు. బోటు నడిపినతను మాత్రం ఒకే మాట అన్నాడట: "చఢేయి సబు గలేణి బాబు." పిట్టలన్నీ వెళ్లిపోయాయి అని.

బావది వెర్రి ప్రశ్నేమీ కాదు. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో గంజాం, గజపతి జిల్లాల్లోని తెలుగు ఇళ్లలోనూ, ఇవతల ఇచ్ఛాపురం, టెక్కలి వైపూ ఇదే అనుమానం వినపడుతుంది. ఒకచోట చెట్లు బోసిపోయి ఉంటాయి, ఇంకోచోట పిల్లలతో గోలగోలగా ఉంటుంది, మూడోచోట నిన్న ఉన్నవి ఇవాళ ఉండవు. పేపర్లో మాత్రం అన్నిటికీ ఒకే పేరు, "సైబీరియా పక్షులు". చిక్కంతా చాలావరకు ఆ పేరు దగ్గరే మొదలవుతుంది.

వలస అంటే పురిటికి రావడమా, సూరత్ వెళ్లడమా?

గంజాం జిల్లాలో వలస అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ప్రతి ఊరి నుంచీ కుర్రాళ్లు సూరత్ మరమగ్గాల మీదకు వెళ్తారు. అక్కడ తింటారు, పని చేస్తారు, డబ్బు కూడబెడతారు. పెళ్లీ, పురుడూ, ఇల్లు కట్టడమూ మాత్రం సొంతూళ్లోనే. ఏడాదిలో ఎక్కువ రోజులు సూరత్‌లో గడిపినా ఏ ఊరు మనది అంటే గంజామే అంటారు.

పక్షి విషయంలోనూ సొంతూరు తేల్చే పద్ధతి అదే. గుడ్డు ఎక్కడ పెడుతుందో అదే దాని ఊరు. సూదిలా తోక సాగి ఉండే పిన్‌టెయిల్ బాతు, చెంచాలాంటి ముక్కున్న షవెలర్, బాపనబాతు అని మనవాళ్లు పిలిచే చక్రవాకం, ఇవన్నీ ఉత్తరాది పక్షులు. సైబీరియా, మంగోలియా, మధ్యాసియా మైదానాలు, టిబెట్, లదాఖ్ ఎత్తుల్లో గూళ్లు కడతాయి. అక్కడి నీళ్లు గడ్డకట్టే కాలానికి చిలికాకు వస్తాయి. చిలికా వాటికి సూరత్ అన్నమాట. తిని, ఒళ్లు చేసి తిరిగి వెళ్లిపోతాయి. ఇక్కడ గూడు కట్టవు, గుడ్డు పెట్టవు. శాస్త్రవేత్తలు వీటినే శీతాకాలపు వలస పక్షులంటారు.

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం సంగతి చూడండి. చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులు అంటారు ఊళ్లోవాళ్లు. ఆ మాట అక్షరాలా నిజం, వాళ్లు అనుకున్నదాని కంటే ఎక్కువ నిజం. అదే నోటితో "సైబీరియా నుంచి వచ్చాయి" అంటే మాత్రం పొసగదు. పురుడు ఇక్కడే పోసుకుంటే ఇదే పుట్టిల్లు. మచ్చల ముక్కున్న ఈ గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియా దాటి ఎక్కడా ఉండదు. ఎర్రకాళ్ల కొంగదీ అదే కథ. సైబీరియా మంచు ఈ రెండిటికీ తెలియదు. చెరువుల్లో నీళ్లెక్కడుంటే అక్కడికి, చేపలెక్కడ దొరికితే అక్కడికి దేశంలోపలే తిరుగుతుంటాయి. దీన్ని స్థానిక వలస అనొచ్చు.

మరి అన్నిటికీ సైబీరియా పేరే ఎందుకు అంటుకుంది? రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు ఒకప్పుడు వచ్చే సైబీరియన్ కొంగ మహా పేరుమోసింది. 2002 తర్వాత అది అక్కడ కనిపించలేదు. పక్షి పోయినా పేరు మిగిలి, పాఠ్యపుస్తకాల మీదుగా మన చింతచెట్ల దాకా వచ్చిందని నా అనుమానం.

పేర్ల గొడవ ఇంతటితో ఆగదు. మనం రాజహంస అనేది గులాబిరంగు ఫ్లెమింగోను. అది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో పిల్లల్ని చేస్తుంది. చిలికాలో హంస అనిపించుకునేదేమో తల మీద రెండు నల్ల అడ్డపట్టీలున్న పెద్ద బాతు. హిమాలయాలు దాటి వచ్చేది అదే. ఎవరెస్టు శిఖరం మీదుగా ఎగురుతుందని దీని గురించి చెప్పే కథ ఎక్కువగా వినికిడే. పరికరాలు కట్టి చూసినప్పుడు ఏడు వేల మీటర్లు దాటిన సందర్భాలున్నాయి గానీ, మామూలుగా అది లోయలు, కనుమలు పట్టుకునే ప్రయాణిస్తుంది. కొండ ఎక్కకుండా పక్కదారి ఉంటే మనమైనా అదే పని చేస్తాం కదా.

ఒకే మార్చి నెల, మూడు ఊళ్లు

ఇచ్ఛాపురం పక్కనే ఉన్న తేలుకుంచిలో మార్చిలో చెట్లు ఖాళీగా ఉంటాయి. అక్కడికి వచ్చేది నత్తగుల్లకొంగ. ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే కొంగ అది. జూన్‌లో తొలకరితో దిగుతుంది, చలికాలం ముదిరేలోపు వెళ్లిపోతుంది. కారణం దాని తిండిలోనే ఉంది. వరిమళ్లు నిండాక నత్తలు పుడతాయి. నత్తలున్నప్పుడే పిల్లల్ని సాకగలదు. ఈ కొంగలు వస్తేనే వాన కుదురుతుందని ఊరివాళ్ల నమ్మకం. నిజానికి వాన కుదిరితేనే ఇవి వస్తాయి. అయినా నమ్మకం వల్ల వాటి జోలికి ఎవరూ పోరు కనుక ఆ తిరగేసిన లెక్కతో ఎవరికీ నష్టం లేదు.

అక్కడి నుంచి హైవే పట్టుకుని తేలినీలాపురం వెళ్తే అదే మార్చిలో చెట్ల కింద నిలబడలేం. తల్లంత ఎదిగిన పిల్లలు, రెట్ట, చేపల కంపు. ఇక్కడి పక్షులు వానలు వెనకబట్టాక, అక్టోబరు ప్రాంతంలో గూళ్లు మొదలుపెడతాయి. ఎందుకంటే వీటి తిండి నత్త కాదు, చేప. నిండుచెరువులో చేపను పట్టడం కష్టం. నీళ్లు ఇంకి, మడుగులు కుంచించుకుపోయి చేపలు ఒకచోట చేరే కాలానికి పిల్లలకు ఆకలెక్కువ అయ్యేలా వీటి లెక్క ఉంటుంది. నౌపడా ఉప్పుమళ్ల చుట్టూ ఉన్న చిత్తడి, చుట్టుపక్కల చెరువులు వీటి వంటిల్లు. ఆ వంటింట్లో తేడా వస్తే ఏమవుతుందో 2022 జనవరి నాటికే చూశాం. వందకు పైగా గూడబాతులు చెట్ల మీంచి రాలిపోయాయి. పరీక్షల్లో వాటి కడుపుల్లో నట్టలు బయటపడ్డాయి. చేపల చెరువుల నుంచి వచ్చాయన్న అనుమానం అప్పుడు గట్టిగా వినిపించింది.

మూడో ఊరు చిలికా. ఫిబ్రవరి రెండోసగం నుంచి అక్కడ మూటాముల్లె సర్దుకోవడమే. కాబట్టి ఒకే వారంలో ఈ మూడుచోట్లా తిరిగిన మనిషికి ఒకటి ఎత్తిపోయిన ఇల్లులా, ఒకటి బాలింత ఇల్లులా, ఒకటి రైల్వే ప్లాట్‌ఫారంలా కనిపిస్తుంది. తేలుకుంచి ఖాళీ అయిందని చిలికాకు ఏదో అయిందనుకోకూడదు. తేలినీలాపురం కళకళలాడుతోందని చిలికా కూడా నిండి ఉంటుందనుకోవడమూ పొరపాటే.

పదకొండు లక్షలు ఎవరు లెక్కపెట్టారు, ఎలా?

ఏటా జనవరిలో ఒడిశా అటవీ శాఖ, నిపుణులు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు జట్లుగా విడిపోయి, సరస్సును ముక్కలుగా పంచుకుని ఒకే రోజు పొద్దున్నే లెక్క మొదలుపెడతారు. ఒకే రోజు ఎందుకంటే, ఇవాళ ఇక్కడ లెక్కేసిన గుంపు రేపు పక్క ముక్కలో వాలితే రెండుసార్లు పడుతుంది. జనవరే ఎందుకంటే, రావలసినవన్నీ వచ్చేసి, పోవలసినవి ఇంకా కదలని నెల అది. ఆసియా నీటిపక్షుల గణన అనే పెద్ద కార్యక్రమం కూడా 1987 నుంచి జనవరిలోనే జరుగుతోంది. పెళ్లికి ఎంతమంది వచ్చారో తెలియాలంటే భోజనాల వేళే చూడాలి, పందిరి విప్పేటప్పుడు కాదు. మా బావ వెళ్లింది పందిరి విప్పే వేళకు.

ఒక్కొక్క పక్షినీ ఎవరూ లెక్కపెట్టరు, పెట్టలేరు కూడా. దూరంగా నీటి మీద నల్లటి చాపలా ఒక గుంపు ఉందనుకోండి. బైనాక్యులర్‌లో ఒక అంచున సరిగ్గా 50 పక్షులు లెక్కపెట్టి, అవి ఎంత జాగా పట్టాయో కంటితో కొలుచుకుంటారు. అంత జాగా గుంపు మొత్తంలో ఎన్నిసార్లు పడుతుందో చూస్తారు. 40 సార్లు పడితే 2,000. పక్కనున్న ఇంకో మనిషి కంటికి అదే గుంపు 44 సార్లుగా కనిపిస్తే 2,200. ఇద్దరూ అబద్ధమాడలేదు, కానీ నూటికి పది తేడా వచ్చేసింది. పొగమంచు ఉన్న రోజయితే ఇంకాస్త.

ఈ లెక్కతో రెండేళ్ల అంకెలు చూద్దాం. 2024లో చిలికాలో సుమారు 11 లక్షల 37 వేల పక్షులు. 2025లో సుమారు 11 లక్షల 27 వేలు. "పది వేల పక్షులు తగ్గాయి" అని శీర్షిక పెట్టొచ్చు, అది తప్పు కాదు. కానీ 11 లక్షల 37 వేలలో పది వేలు అంటే నూటికి ఒకటి కూడా లేదు. కంటి అంచనాలోనే నూటికి పది తేడా వచ్చే పనిలో ఈ తగ్గుదలకు అర్థం వెతకడం అనవసరం. పైగా జాతుల సంఖ్య అదే ఏడు 187 నుంచి 196కు పెరిగింది. అదైనా తొమ్మిది జాతులు కొత్తగా పుట్టుకొచ్చినట్టు కాదు. అరుదైన పిట్ట ఆ రోజు ఆ జట్టు కంట పడిందా లేదా అన్నదీ అందులో ఉంటుంది. నాలుగైదేళ్ల అంకెలు వరసగా ఒకే వైపు పోతుంటే అప్పుడు ఆలోచించాలి. ఒకే జాతి అంకె ఏటేటా కుంగుతుంటే ఇంకా గట్టిగా ఆలోచించాలి. మొత్తం అంకె బాగుండగానే ఒక జాతి నిశ్శబ్దంగా జారిపోవచ్చు.

ఇంకో చిన్న మెలిక. ఒక చెరువులో నాలుగు ఆదివారాలు వరసగా చూశారు, ప్రతిసారీ వెయ్యి ఉల్లంకి పిట్టలే కనిపించాయి. ఆ చెరువును వాడుకున్నవి వెయ్యేనా? పాతవి వెళ్లి కొత్తవి దిగుతుంటే నాలుగు వేలు కూడా కావచ్చు. వెళ్లేదారిలో మజిలీ చేసే పక్షులు వసంతంలో ఎక్కువ. అందుకే ఛత్రపురం దగ్గరి తంపర లాంటి చిన్న మంచినీటి సరస్సు, బాహుదా నది సునాపురం దగ్గర సముద్రంలో కలిసేచోటి చిత్తడి, అంకెల్లో చిన్నగా కనిపించినా పనిలో చిన్నవి కావు.

తంపరను కూడా రామ్‌సర్ జాబితాలో చేర్చారు. అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలల జాబితా అది. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన ఒప్పందం వల్ల ఆ పేరు వచ్చింది. చిలికా 1981లోనే చేరింది. ఒక తడినేల అందులో చేరడానికి ఉన్న ప్రమాణాల్లో ఒకటి 20,000 నీటిపక్షులు క్రమంగా రావడం, ఇంకొకటి ఏదైనా ఒక పక్షి సంతతిలో నూటికొకటి వంతు అక్కడ ఉండడం. లక్షన్నర సంతతి ఉన్న పక్షి ఒకచోట 1,500 కనిపిస్తే చాలన్నమాట. పక్షులతో సంబంధం లేని ప్రమాణాలూ ఉన్నాయి. కాబట్టి రామ్‌సర్ బోర్డు చూసి లక్షల పక్షులు ఆశించి వెళ్లేవాళ్లు తంపరలో నిరాశపడితే ఆ తప్పు తంపరది కాదు.

రంభలో లోతు, నలబనలో మోకాలి నీళ్లు

బావ ఎప్పుడు వెళ్లాడన్నది అలా ఉంచి, ఎక్కడికి వెళ్లాడన్నదీ చూడాలి. చిలికా ఒకే సరస్సులా కనిపిస్తుంది గానీ మూడు నాలుగు సరస్సులు కలిసినట్టుంటుంది. ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,100 దాటుతుంది. ఉత్తరాన దయా, భార్గవి లాంటి మహానది పాయలు తెచ్చే తీపినీళ్లు, రెల్లు, బురద. తూర్పున సముద్రపు మొగ. మధ్యలో నలబన దీవి. దక్షిణాన, గంజాం వైపు, కొండలు నీళ్లలోకి దిగినట్టుండే రంభ. అక్కడ లోతెక్కువ.

పిన్‌టెయిల్ లాంటి బాతు మునగదు. తల కిందికి, తోక పైకి పెట్టి మెడ అందినంత మేరే తింటుంది. మెడకందని లోతులో దానికి తిండి లేదు. అందుకే రంభ కొండల మధ్య ఎంత అందంగా ఉన్నా బాతులకు అది ఖాళీ కంచం. నలబన అలా కాదు. ఒడియాలో నళ అంటే రెల్లు. వానాకాలంలో 15 చదరపు కిలోమీటర్ల ఆ దీవి నీట మునిగే ఉంటుంది. చలికాలానికి నీరు తగ్గి, మోకాలి లోతు బురదగా తేలుతుంది. జనవరి లెక్కలో ఆ ఒక్క దీవి మీదే మూడు లక్షలకు పైగా పక్షులు పడుతుంటాయి. అది అభయారణ్యం కనుక లోపలికి బోట్లు పోవు. అంటే జనం తిరిగే చోట పక్షులు తక్కువ, పక్షులున్న చోట జనం తిరగకూడదు. ఇది ఎవరి లోపమూ కాదు. టికెట్ కొనేముందు ఎవరూ చెప్పరు, అంతే.

రంభ వైపే పక్షులు చూడాలంటే నా ఓటు హుమ్మా ఉప్పుమళ్లకు. మార్చిలో ఉప్పు చేసే పని ఊపందుకుంటుంది. చీలమండ లోతు నీళ్లలో ఎర్రటి పుల్లల్లాంటి కాళ్లతో స్టిల్ట్‌లు తిరుగుతుంటాయి. ఇవి ఎక్కడికీ పోవు.

ఫాల్గుణంలో పిట్టకు ఏమవుతుంది?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటాం. పక్షి దాన్ని చలితో కొలవదు, వెలుతురుతో కొలుస్తుంది. డిసెంబరులో మన దగ్గర పగలు పదకొండు గంటల దగ్గరే ఆగిపోతుంది. మార్చి మూడో వారానికి పన్నెండు దాటుతుంది. ఆ పెరుగుదల పక్షి ఒంట్లో హార్మోన్లను కదిలిస్తుంది. ఆకలి పెరుగుతుంది, తిన్నది కొవ్వుగా మారి చర్మం కింద చేరుతుంది. అదే దారిబత్తెం. మబ్బు పట్టినా, ఒక ఏడు చలి ఆలస్యంగా తగ్గినా పగటి పొడవు మారదు కనుక వెళ్లే తేదీలు ఏటా కొద్దిగా మాత్రమే అటూ ఇటూ అవుతాయి. ఆ కొద్దిపాటి తేడా గాలిని బట్టి, తిండిని బట్టి వస్తుంది.

దీన్ని దగ్గరగా చూడాలంటే బాతుల కన్నా సీగల్స్ మేలు. జనవరిలో గోపాలపురం, రంభ ఒడ్డున తిరిగే గోధుమతల సీగల్‌కు పేరులో తప్ప తలమీద గోధుమరంగు ఉండదు. తెల్లటి తల, చెవి దగ్గర సిరాచుక్కలాంటి మచ్చ. ఫిబ్రవరి చివర్లో నేను రంభ జెట్టీ స్తంభం మీద ఒకదాన్ని పావుగంట చూశాను. ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ రంగు ఎక్కింది. నడినెత్తి ఇంకా తెలుపే. పిల్లాడు కాఫీ గ్లాసులో మొహం పెట్టి ఎత్తినట్టుంది. దాని పక్కనే ఇంకొకదానికి టోపీ పూర్తయింది, మెడ దగ్గర నల్లటి అంచుతో సహా. మూడోదానికి అసలు మొదలే కాలేదు. అది బహుశా పిల్ల. ఒక్క స్తంభాల వరసలో నెల రోజుల పంచాంగం ఉంది.

చిలికా ఉత్తరపు అంచునున్న మంగళాజోడి బురదలో గాడ్‌విట్‌లనే పొడుగుముక్కు పిట్టలూ ఇదే కాలంలో బూడిదరంగు నుంచి ఇటుకరంగుకు తిరుగుతాయి. పెళ్లిబట్టలు ఇక్కడే కట్టుకుని పెళ్లికి అక్కడికి వెళ్లడం అన్నమాట.

ఈ దశలో ఒక చిన్న విషయం పెద్దదవుతుంది. కొన్నేళ్ల కిందట నేనెక్కిన ఒక బోటులో ఫోన్లో ఫొటోల కోసం ఎవరో అడిగితే నడిపేవాడు ఇంజను ఆపకుండా గుంపు మీదకే పోనిచ్చాడు. వందలాది బాతులు ఒక్కసారిగా లేచాయి. అందరూ చప్పట్లు కొట్టారు, సిగ్గు లేకుండా నేనూ కొట్టాను. లేచి, తిరిగి, మళ్లీ వాలడానికి అవి ఖర్చు పెట్టింది ఆ కొవ్వే. నవంబరులో అలా లేపితే మళ్లీ తిని పూడ్చుకోవడానికి నెలలున్నాయి. మార్చిలో లేవు.

ఉప్పు పెరగాలా, తీపి పెరగాలా?

చిలికా బాగుందా లేదా అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు, ఎవర్నడుగుతున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. 1990ల్లో సముద్రపు మొగ ఇసుకతో పూడుకుపోయి ఉప్పు తగ్గింది, కలుపు కమ్మేసింది, చేప పడిపోయింది. 1993లో రామ్‌సర్‌వాళ్లు చిలికాను ప్రమాదంలో ఉన్న తడినేలల చిట్టాలో పెట్టారు. 2000 సెప్టెంబరులో సిపకుడా దగ్గర కొత్త మొగ తవ్వారు. 1999-2000లో రెండు వేల టన్నులు కూడా లేని చేపల రాబడి 2001-02కల్లా పది వేల టన్నులు దాటింది. 2002లో చిలికాను ఆ చిట్టా నుంచి తీసేశారు. పేరున్న విజయం ఇది.

అయితే ఉప్పు పెరిగితే అందరికీ మేలు కాదు. రెల్లు, తుంగ, తామరతూడు తగ్గితే వాటి మధ్య బతికే నీలికోళ్లకు, జకానాలకు ఇల్లు తగ్గుతుంది. ఉత్తరపు అంచున మంగళాజోడి లక్షల పక్షులకు ఆసరా అయింది అక్కడి తీపినీటి చిత్తడి వల్లే. ఇంజనీరు లెక్కలో కలుపు అయినది నీలికోడి లెక్కలో ఊరు. రెండిటికీ చోటుండాలంటే సరస్సు అంతా ఒకే రకంగా ఉండకూడదు. ఉత్తరం తీపిగా, తూర్పు ఉప్పగా, మధ్యలో రెండూ కలిసి, అదీ నెలనెలా మారుతూ ఉండాలి. చిలికా బలం ఆ తేడాల్లోనే ఉందని నా అభిప్రాయం.

జాలర్ల మాట ఇంకొకటి. చిలికాలో తరతరాలుగా వేట చేసిన కులాలకు, రొయ్యల పెంపకానికి నీళ్లలో కట్టడి కట్టిన బయటి పెట్టుబడికి మధ్య గొడవ పాతది. ఆ కట్టడిని ఘేరి అంటారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సుల నుంచి 1,000 మీటర్లలోపు రొయ్యల చెరువులు కూడదని తీర్పిచ్చింది. 1999 మేలో సొరణా గ్రామంలో పోలీసు కాల్పుల్లో నలుగురు జాలరులు చనిపోయారు. ఆ తర్వాత ఘేరీలను ఎన్నిసార్లు కూల్చినా మళ్లీ లేస్తూనే ఉన్నాయి. పక్షుల దృష్టితో చూసినా ఘేరి నష్టమే. లోతులేని నీటిని వలలతో మూసేస్తుంది, మనుషుల అలికిడి పెంచుతుంది. అలాగని పక్షులకోసం పెట్టే ప్రతి ఆంక్షనూ జాలరి ఆనందంగా ఒప్పుకోడు. "బాతుకు కావలసింది కూడా మోకాలి నీళ్లే, నా చిన్న వలకు కావలసిందీ మోకాలి నీళ్లే" అని బాలుగావ్ వైపు ఒక పెద్దాయన నాతో అన్నాడు. దానికి తేలిక జవాబు లేదు. మంగళాజోడిలో ఒకప్పటి పక్షి వేటగాళ్లే కాపలాదారులై, తెడ్డు పడవల మీద యాత్రికులను తిప్పి బతుకుతున్నారు. గొప్ప మార్పే. కానీ ఆ బతుకు నవంబరు నుంచి మార్చి దాకానే. మిగతా నెలలకు మళ్లీ చేపే దిక్కు.

రుషికుల్య ఇసుకలో ఇదే రకం గందరగోళం

పక్షులు సర్దుకునే వేళకే రుషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లకు ఒడ్డెక్కుతాయి. వేలల్లో, కొన్ని రాత్రుల వ్యవధిలో. దీన్ని అరిబాడా అంటారు. స్పానిష్‌లో రాక అని అర్థం. 2023లో ఆరు లక్షలకు పైగా వచ్చాయి. 2024లో సామూహికంగా ఒడ్డెక్కనే లేదు. 2025 ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షలు. ఈ మూడు అంకెల్లో మధ్యదాన్ని మాత్రం చూసినవాళ్లు తాబేళ్లు అంతరించాయనుకున్నారు, మూడోదాన్ని చూసినవాళ్లు ఇక బెంగలేదన్నారు. ఒడ్డు కోత, ఇసుక మేట, గాలి దిశ బాగాలేని ఏడు అవి గుంపుగా రావు, చచ్చిపోయినట్టు కాదు. ఒక తాబేలు అదే కాలంలో ఒకటికి మించి సార్లు గుడ్లు పెట్టొచ్చు కనుక ఏడు లక్షల గూళ్లంటే ఏడు లక్షల తల్లులూ కాదు.

నవంబరు 1 నుంచి మే 31 దాకా ఇక్కడ తీరం నుంచి 20 కిలోమీటర్ల మేర వేట నిషేధం. తాబేలు ఊపిరికి పైకి రావాలి. పెద్ద ట్రాలర్ వలలో చిక్కి గంటలు నీటికింద ఉంటే చచ్చిపోతుంది. అటవీ శాఖ వాదన అది, సరైనదే. ఒడియావాళ్లు నోళియాలు అని పిలిచే మన తెలుగు జాలర్లకు పొడంపేట వైపు ఇంకో వాదన ఉంది. "మా సిన్న వల్లో తాబేలు పడితే మొక్కి ఒగ్గేస్తాం బాబూ. అది మాకు కూర్మనాదుడు. సంపేది పెద్ద బోట్లు, పస్తు మాకు." ఈ మాటా సరైనదే. ఏడు నెలల నిషేధంలో ఇద్దరినీ ఒకే గాటన కట్టడం న్యాయమా అన్నది తాబేలు శాస్త్రం తేల్చే ప్రశ్న కాదు.

వెళ్లనివాళ్లు

మే నెలలో బావ మళ్లీ ఫోన్ చేశాడు. గోపాలపురం వెనక కయ్యలో అయిదారు పొడుగుముక్కు పిట్టలు కనిపించాయట. ఫొటో పంపాడు. గాడ్‌విట్‌లు. "వెళ్లిపోయాయన్నావు కదరా, ఇవేటి? దారి తప్పాయా? జబ్బు చేసిందా?"

ఫొటోను పెద్దది చేసి చూశాను. ఒక్కదాని మీదా ఇటుకరంగు లేదు, అన్నీ బూడిదరంగే. నిరుడు అక్కడెక్కడో పుట్టి మొదటిసారి ఇటొచ్చిన పిల్లలయి ఉంటాయి. ఇలాంటి ఒడ్డు పిట్టల్లో చాలావాటికి మొదటి ఏడు జత కట్టే వయసు రాదు. గుడ్లు పెట్టే పని లేనప్పుడు ప్రాణాలొడ్డి అన్ని వేల కిలోమీటర్లు వెళ్లడం దేనికి? అందుకని ఎండలో ఇక్కడే ఉండిపోతాయి.

"అంటే పెళ్లి కాని కుర్రాళ్లు సెలవుకి ఊరెళ్లకుండా సూరత్‌లోనే ఉండిపోయినట్టు" అన్నాడు బావ.

"అంతే బావా."

"రంగెప్పుడొస్తాది మరి?"

వచ్చే ఫాల్గుణానికి.